సద్దుల బతుకమ్మ రెండడుగుల ఎత్తు పేర్చాలంటే: ఒరగకుండ, రంగు కారకుండ ఎట్ల?

బాలసముద్రం చెల్లె (ప్రశ్న)

అక్కలకు, అన్నలకు నమస్తే. సద్దుల రోజుకు మా వాడకట్టు ఆడోళ్లం అందరం కలిసి ఒక పెద్ద బతుకమ్మ, దానికి తోడు ఒక పిల్ల బతుకమ్మ పేర్చాలనుకుంటున్నం. ఇత్తడి తాంబాలం ఉంది, 18 అంగుళాల వెడల్పు. ఎత్తు రెండడుగులు రావాలె. చేతులు చాలానే ఉన్నయ్ గాని, అంత ఎత్తు పేర్చడం తెలిసినోళ్లు మాలో లేరు.

అడగాల్సినవి ఇవి. అడుగు ఎత్తు దాటంగనే బతుకమ్మ ఒక దిక్కుకు ఒరుగుతది, దానికి కారణమేంది? గునుగుకు వేసిన రంగు చేతులకు, చీరెలకు అంటకుండ ఉండాలంటే ఏం చెయ్యాలె? పొద్దున తెచ్చిన తంగేడు సాయంత్రానికే నల్లబడుతది, ఎట్ల దాచాలె? ఇంత బతుకమ్మకు ఎన్ని పూలు పడతయ్? మార్కెట్ల ఎంత తేవాల్నో లెక్క తెలుస్తలేదు. వేయిస్తంభాల గుడి దగ్గర ఆడి, పద్మాక్షి గుండంల వేద్దామనుకుంటున్నం కాబట్టి అంతదూరం మోసుకపోయేటట్టు ఉండాలె.

గుమ్మడాకు

చెల్లె, ముందుగాల ఒరిగేదాని సంగతి చెప్త. మిగిలినయన్నీ దాని తర్వాతనే.

పైకి కనబడేవి పూలే గాని, బరువంతా లోపల పోసిన ఆకు మీద ఉంటది. ఒరిగిన బతుకమ్మను విప్పి చూస్తే లోపల ఒక పక్క ఆకు గట్టిగ, ఇంకో పక్క గుల్లగ కనిపిస్తది. నలుగురు నాలుగు దిక్కుల కూసొని పేరుస్తరు, ఒకరి చెయ్యి బరువు, ఒకరి చెయ్యి తేలిక. ఒకరు లావు కట్ట పెడతరు, ఒకరు సన్న కట్ట పెడతరు. మూడు వరుసలు కాంగనే ఒక దిక్కు అర అంగుళం కిందికి పోతది. అక్కడ్నుంచి ఎత్తు పెరిగిన కొద్ది తేడా పెరుగుతది.

అందుకే పేర్చేది ఒక్కరే ఉండాలె. మిగిలినోళ్లు కట్టలు కట్టాలె, ఆకు తరగాలె, అందియ్యాలె. పేర్చేటామె కూసున్న తావునుంచి కదలొద్దు. తాంబాలాన్నే చుట్టూ తిప్పుకోవాలె.

తాంబాలంల మొదట గుమ్మడి ఆకులు పరువు. గరుకుగ ఉంటయ్ కాబట్టి నున్నటి ఇత్తడి మీద కాడలు జారవు. గుమ్మడి ఆకు దొరక్కపోతే ఆముదం ఆకు. వెదురు సిబ్బి ఉంటే ఇంకా మంచిది, అల్లికకు పూలు పట్టుకుంటయ్, బరువు కూడ తక్కువ. మొదటి వరుస తాంబాలం అంచుకు లోపల్నే మొదలువెట్టు. అంచు బయటికి పూలు వేలాడితే చూడ చక్కగనే ఉంటది గాని, ఎత్తేటప్పుడు చేతులు తగిలి ఆ వరుసే మొదట ఊడుతది.

పూల తలలు బయటికి, కాడలు నడిమికి. ఒక వరుస తిరగంగనే నడుమ ఖాళీల ఆకు పోసి అరచేత్తో ఒత్తాలె. ఇక్కడ కొలత ముఖ్యం. ఆకు మట్టం పూల వరుస కన్న అర వేలు తక్కువ ఉండాలె. అప్పుడు పై వరుస కాడలు లోపలికి వాలి, పూలు కొంచెం పైకి చూస్తయ్. బరువు పడ్డకొద్దీ లోపలికే బిగుస్తది. నడుమ ఆకు కుప్పలెక్క ఎత్తుగ పోస్తే పూలు కిందికి చూస్తయ్, కాడలు బయటికి జారుతయ్. వరుస మొత్తం పోతది.

నింపేదానికి తంగేడు ఆకు, గునుగు కోసినంక మిగిలిన కాడలు చాలు. రెండంగుళాల ముక్కలుగ తరగాలె. తడి ఆకు పొయ్యొద్దు, ఆరేకొద్దీ అణిగిపోతది. న్యూస్ పేపర్ ఉండలు కుక్కుతరు కొందరు, అవి పూల చెమ్మ పీల్చి మెత్తబడతయ్. థర్మోకోల్ మాట అసలే వద్దు, అది చెరువుల పడితే ఏండ్లు గడిచినా కుళ్లదు.

రెండో వరుస కట్ట కింది రెండు కట్టల సందు మీద కూసోవాలె, ఇటుకలు పేర్చినట్టు. కట్ట మీద కట్ట పెడితే సందులన్నీ ఒకే గీతల పడి అక్కడ చీలుతది. ప్రతి వరుసా కింది దానికన్న అర అంగుళం లోపలికి రావాలె. అంగుళం లోపలికి తెచ్చినవంటే సగం ఎత్తుకే కొస వచ్చేస్తది. అసలు తియ్యకపోతే కంబం లెక్క లేసి ఊగుతది.

కాడల పొడుగు కూడ చూస్కో. కింది వరుసలకు ఐదారు అంగుళాల కాడ ఉంచు. పైకి పోయినకొద్దీ తగ్గించు, కొసకు రెండంగుళాలు చాలు. అన్నీ ఒకే పొడుగు కోసి పెట్టుకుంటే పైన కాడలు ఒకదానికొకటి తగిలి పూలను బయటికి తోస్తయ్.

మూడు వరుసలకొకసారి లేసి, నాలుగు దిక్కుల నుంచి చూడాలె. ఒరిగినట్టు అనిపిస్తే పైనుంచి నెట్టొద్దు. ఆఖరు వరుస రెండు తీసి, కిందికి ఉన్న దిక్కు పిడికెడు ఆకు పోసి ఒత్తి మళ్ల పెట్టు. పది నిమిషాల పని. నెట్టి సరిచేసినది దారిల మళ్ల ఒరుగుతది.

ఇగ లెక్క. 18 అంగుళాల తాంబాలం చుట్టుకొలత దగ్గర దగ్గర 56 అంగుళాలు. రెండంగుళాల మందం కట్టలైతే మొదటి వరుసకు 28 పడతయ్, కొసన ఆరు. వరుస పేర్చేటప్పుడు రెండంగుళాలుంటది, బరువు పడ్డంక ఒకటిన్నరకు దిగుతది. అందుకని రెండడుగుల ఎత్తుకు 15 వరుసలు వేసుకో. సగటున వరుసకు 17 కట్టల చొప్పున మొత్తం 250 కట్టలు. అందుల ఏడు వరుసలు గునుగైతే 120 కట్టలు. కట్టకు 12 గునుగు పూల చొప్పున 1400 దాకా కావాలె. విరిగేవి, గింజ రాలినవి తీసెయ్యంగ సరిపోవాలంటే 1600 తెచ్చుకో. పిల్ల బతుకమ్మకు వేరే.

చేనుగట్టు హసన్‌పర్తి

పైన అక్క చెప్పిన లెక్క సరిగ్గ ఉంది. పూల సంగతి నేను చెప్త.

గునుగు ముందుగాల తెచ్చిపెట్టుకునే పువ్వు. కాగితం లెక్క పొడిగ ఉంటది, వాడదు. సద్దులకు నాలుగు రోజుల ముందు తెచ్చినా ఏం కాదు. కంకి కొస ఇంకా గులాబీ రంగుల ఉన్నది చూసి తేవాలె. మొత్తం తెల్లగ అయిందంటే ముదిరింది. చేతిల దులిపి చూడు, నల్లగ మెరిసే సన్న గింజలు రాలితే ఆ పువ్వు పేర్చేటప్పటికి ఊడి పొట్టయితది. మార్కెట్ల మోపు కొనేటప్పుడు పైవి కాదు, నడుమ నుంచి నాలుగు తీసి దులుపు.

హనుమకొండ చౌరస్తా, కుమార్‌పల్లి మార్కెట్, వరంగల్ చౌరస్తా దగ్గర చుట్టుపక్కల ఊర్ల ఆడోళ్లు మోపులు తెచ్చి కూసుంటరు. సద్దుల రోజు పొద్దున కొంటే ధర కూడ ఎక్కువే, ఏరుకునే సమయం కూడ ఉండదు. గునుగు, పట్టుకుచ్చులు, పోకబంతి ముందే కొనిపెట్టుకోండి. ఈ మూడూ వాడేవి కావు. బంతి, చామంతి ముందురోజు సాయంత్రం. తంగేడు మాత్రం అదే రోజు పొద్దున.

మీరే పోయి కోసుకుంటమంటే మక్క చేను గట్లు, పత్తి చేను గట్లు చూడండి. రైతును అడిగి కోయండి. పత్తి చేన్ల మందు కొట్టి రెండు మూడు రోజులే అయితే ఆ గట్టు పూలు ముట్టొద్దు, చేతులతోని కట్టేవి, పిల్లలు పట్టేవి. గడ్డిమందు వాడకం పెరిగినకాడ గునుగు మొలుస్తనే లేదు. గట్టు మీద కొన్ని ముదురు కంకులు విడిచిపెట్టాలె, ఆ గింజ రాలితేనే వచ్చే ఏడు పువ్వు. తంగేడును కొమ్మ విరిచి, బెరడు చీల్చి తెస్తరు కొందరు. కత్తెరతోని పూగుత్తి కింద జానెడు కోస్తే చాలు, చెట్టు మళ్ల చిగురిస్తది. మన రాష్ట్ర పుష్పమని పేరు పెట్టుకున్నంక దాన్ని మొదలంట నరకొద్దు.

తంగేడు నల్లబడేది ఎండకు కాదు చెల్లె, ఉక్కకు. ప్లాస్టిక్ కవర్ల కుక్కి బండికి తగిలేసి తెస్తే లోపల వేడెక్కి రెండు గంటలల్ల రేకులు మాడిపోతయ్. వెదురు గంపల లేదంటే తడిపి పిండిన గోనెసంచిల పలుచగ పరిచి తేవాలె. ఇంటికి రాంగనే కాడలు బకెట్ నీళ్లల్ల నిలబెట్టు, పూల మీద మాత్రం నీళ్లు చల్లొద్దు. సూర్యుడు రాకముందు, సగం మొగ్గలున్న గుత్తులు కోస్తే సాయంత్రానికి అవి విచ్చుకుంటయ్. పూర్తిగ విచ్చుకున్నవి ఆటలాడే టైంకు రేకులు రాలుస్తయ్.

గుమ్మడి పువ్వు తెల్లారుజామున విచ్చుకొని ఎండెక్కంగనే ముడుచుకుంటది. సాయంత్రం విచ్చుకున్న గుమ్మడి పువ్వు కోసం ఎవరూ తిరగొద్దు, ఉండదు. పొద్దున కోసి, కాడ నీళ్లల్ల పెట్టి, నీడకు ఉంచి, కొసన పెట్టేటప్పుడు రేకులు వేళ్లతోని నెమ్మదిగ తెరవాలె. పొడుగు సన్న కాడ ఉన్నది మగ పువ్వు, అదే కోయాలె. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది కాయయ్యేది, విడిచిపెట్టాలె.

సీతజడ

గునుగు రంగు అంటుకపోవడానికి రెండే కారణాలు చూస్త నేను. ఒకటి, రంగు పొడి పూర్తిగ కరగకపోవడం. రెండు, ఆరకముందే పేర్చడం.

చల్లనీళ్లల్ల రంగు కలిపితే పొడి అడుగున నిలుస్తది, పైన లేత రంగు నీళ్లు ఉంటయ్. గునుగు రేకు కాగితం లెక్క ఉంటది కాబట్టి చల్లనీళ్లు దాని మీద జారిపోతయ్. పట్టినట్టు కనబడ్డదంతా పైపై పూతే, అదే చేతులకు అంటేది. నీళ్లు మరగాలె. పాత గిన్నెల మూడు లీటర్ల నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, రంగు పొడి ముందు కొంచెం నీళ్లల్ల ముద్దలేకుండ కలిపి ఆ వేడి నీళ్లల్ల పొయ్యాలె. వంట గిన్నె వాడొద్దు, ఇది తినే రంగు కాదు. ఎంత పొడి అనేది ప్యాకెట్‌ను బట్టి ఉంటది. అందుకే ఒక్క పువ్వు ముంచి చూసి, తెల్లకాగితం మీద ఆరబెట్టి, సరిపోకపోతే ఇంకొంచెం కలుపు. ముదురు రంగు రావాలని మొదట్నే ఎక్కువ పోస్తే మిగులు పొడి పువ్వు మీద నిలిచి రాలుతది.

ముంచేముందే 12 పువ్వులు తలలు సమంగ పట్టి, పువ్వు కింద అంగుళం దగ్గర దారంతోని కట్టాలె. రంగు వేసినంక కడితే చేతులన్నీ రంగే. మంచు తడి ఉన్న పూలు ముంచొద్దు. కట్టను తలకిందులుగ పట్టుకొని సగం కంకి దాకా ముంచి, పది లెక్కపెట్టేంతసేపు ఉంచి, తీసి గట్టిగ రెండుసార్లు విదిలించు. విదిలించకపోతే రంగు నీళ్లు కాడ వెంట దిగి అడుగు పూలకు అంటుతయ్. పువ్వు మొత్తం ముంచాల్సిన పని లేదు. కొస రంగు, మొదలు తెలుపు ఉంటేనే వరుసకు వరుసకు తేడా తెలుస్తది.

తీగ మీద తల కిందికి ఉండేటట్టు నీడల ఆరబెట్టాలె. ఎండల పెడితే రంగు వెలుస్తది. ఒక రాత్రి, ఒక పగలు కావాలె, ముసురు పడితే ఇంకో రోజు. అందుకే సద్దులకు రెండు రోజుల ముందే రంగు పని అయిపోవాలె. ఆరిందా లేదా అనేదానికి కట్ట నడిమి పువ్వును తెల్లగుడ్డతోని ఒత్తి చూడు, బయటి పూలు ముందే ఆరుతయ్, నడిమివి మోసం చేస్తయ్.

నా మాట అడిగితే అన్ని వరుసలకూ రంగు వెయ్యొద్దు. ఎరుపు కావాలంటే పట్టుకుచ్చు ఉంది, రంగు పొడికి రాని ఎరుపు అది. పసుపుకు తంగేడు, బంతి ఉన్నయ్. ఊదాకు పోకబంతి. నీలం, ఆకుపచ్చ రెండే గునుగుకు వేసుకొని, రెండు మూడు వరుసలు తెల్ల గునుగు అట్లనే ఉంచితే మిగిలిన రంగులు లేస్తయ్. గుండంల కూడ అంత రంగు తక్కువ పడతది.

ఇంకోటి. ఎండిన గునుగు నిప్పుకు తొందరగ అంటుకుంటది. కొసన అగరుబత్తీలు గుచ్చేటప్పుడు నిటారుగ కాదు, బయటికి వంచి గుచ్చాలె, నిప్పు రవ్వ బయటపడేటట్టు. దీపం బతుకమ్మ మీద పెట్టొద్దు, పక్కన పళ్లెంల పెట్టుకోండి.

బాలసముద్రం చెల్లె

అందరికీ దండాలు. కట్టలు కట్టే పని, పేర్చే పని విడగొట్టుకుంటం. ఒక అనుమానం. నడుమ వెదురు పుల్ల నిలబెట్టి దాని చుట్టూ పేరిస్తే ఒరగదని మా వాడల ఒకరంటున్నరు. నిజమేనా? గౌరమ్మను ఎంత సైజు చెయ్యాలె?

గుమ్మడాకు

మూడడుగులు దాటితే పుల్ల కావాలె. రెండడుగులకు అక్కరలేదు. పుల్ల తాంబాలానికి అతుక్కొని ఉండదు కద, అడుగున కదిలితే లోపల ఆకును కుళ్లగిస్తది. దానికన్న ఐదు వరుసలకొకసారి దారం వెయ్యి. పేర్చిన వరుసల మీంచి తాంబాలం కిందికి, ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం. మళ్ల దాని మీద పేర్చుకుంట పోతే దారం కనబడదు. నూలు దారమే వాడు, నైలాన్ వద్దు. తల మీద చుట్టబట్ట పెట్టుకొని ఒక్కరు మోస్తే పక్కన ఇద్దరు నడవాలె. తాంబాలం అంచును చేత్తో పట్టాలె, పూలను కాదు.

గౌరమ్మ బొటనవేలంత. రెండు చెంచాల పసుపుల నీళ్లు చుక్క చుక్క వేసి గట్టిగ పిసుకు. నీళ్లు ఎక్కువైతే కూలబడతది, తక్కువైతే పగులుతది. తమలపాకు మీద నిలబెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, ఆకుతోని సహా గుమ్మడి పువ్వుల కూసోవెట్టు.

చెరువుకట్ట కాజీపేట

నా అభిప్రాయం పుల్ల విషయంలో కొంచెం వేరు. దారి ఎగుడుదిగుడుగా ఉంటే, మోసేవాళ్లు మారుతుంటే, రెండడుగులకైనా పుల్ల ధైర్యం ఇస్తుంది. తాంబాలానికి బదులు వెదురు సిబ్బి తీసుకుని, నాలుగు పుల్లలను అల్లికలో దూర్చి పైన ముడివేస్తే అది కదలదు. నీళ్లలో వదిలే ముందు వాటిని తీసేయడం మాత్రం మరచిపోకూడదు. మొనలు పైకి తేలి, మరునాడు నీళ్లలోకి దిగేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయి.

పద్మాక్షి గుట్ట కింద సద్దుల రాత్రి మెట్ల దగ్గర విపరీతమైన రద్దీ ఉంటుంది. పెద్ద బతుకమ్మతో ఆ జనంలోకి దిగడం కష్టం కాబట్టి చీకటి పడేలోపే ఆట మొదలుపెట్టి, రద్దీ పెరగకముందే గుండం చేరుకోండి. తడి మెట్ల మీద బతుకమ్మ మోసే మనిషి ముందు నడవకూడదు. ముందు ఒకరు దిగి, నిలబడి, చెయ్యి అందించాలి. చెప్పులు పైనే విడవాలి, తడి రాతి మీద అవి జారుతాయి.

పూలు నీటిని శుభ్రం చేస్తాయని చాలామంది చెబుతారు. కొన్ని పూలు పడితే నీటికి నష్టం లేదన్నంతవరకు ఒప్పుకోవచ్చు. కానీ ఒకే రాత్రి వందల బతుకమ్మలు చిన్న గుండంలో పడితే, ఆ ఆకూ పువ్వూ కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు తేలతాయి. దీనికి ఉపాయం ఉంది. గౌరమ్మను, కొస పూలను నీళ్లలో వదిలి, అడుగు వరుసలను, లోపల నింపిన ఆకును గట్టు మీద మున్సిపల్ వాళ్లు పెట్టిన కుండీలో వేయండి. తాంబాలం ఎలాగూ వెనక్కి తెచ్చుకుంటారు కాబట్టి అది పెద్ద పని కాదు. ప్లాస్టిక్ పూలు, మెరుపు కాగితాలు, థర్మోకోల్ బొమ్మలు అతికించకపోతే ఆ ఆకంతా మంచి ఎరువవుతుంది.

గుమ్మడాకు

సిబ్బి అయితే నాలుగు పుల్లల పద్ధతి నేనూ ఒప్పుకుంట. తాంబాలానికి మాత్రం దారమే.

పరకాల వదిన

పూలన్నీ చెప్పిన్రు, సత్తుపిండి ఎవరూ చెప్పలే. ఆట అయినంక వాయనం ఇచ్చుకునేది అదే కద. రెండు గ్లాసుల పల్లీలు సన్నమంట మీద వేయించి, పొట్టు తీసి, పూర్తిగ చల్లారనియ్యాలె. వేడి మీద మిక్సీల వేస్తే నూనె వదిలి ముద్దయితది. ఒక గ్లాసు చక్కెర వేరేగ పొడి చేసుకొని, పల్లీలను ఆపి ఆపి నాలుగైదు సార్లు తిప్పి, బరకగ ఉన్నప్పుడే కలపాలె. తడి బెల్లం వేస్తే అది సత్తు కాదు, ఉండ అయితది. నువ్వుల సత్తు కూడ అంతే, నువ్వులు చిటపటమనంగనే దించాలె, ఎర్రబడితే చేదు. ముందురోజే చేసి మూత గట్టిగ ఉన్న డబ్బాల పెట్టుకోండి, సద్దుల పొద్దున మీ చేతులు ఖాళీ ఉండవు.